గబ్బిలాలపై నిఘా ఎందుకు?



గోస్తనీ నది భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుందని మీకు తెలుసు. ఆ నది ఎక్కడినుంచి వస్తోంది? అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, కొండలు దిగి, పొలాలు తడిపి, చివరికి భీమిలి ఇసుక మీదుగా సముద్రాన్ని చేరుతోంది. బొర్రా గుహలు చూడడానికి వెళ్లిన వాళ్లు, చుక్క చుక్కగా కారిన నీరు వేల ఏళ్లపాటు కట్టిన సున్నపురాతి స్తంభాలను చూసి అబ్బురపడతారు. అక్కడే తల పైకెత్తి, వెలుతురు అందని మూలల్లోకి చూస్తే మరో వింత కనిపిస్తుంది. గుహ పైకప్పుకు తలకిందులుగా వేలాడే గబ్బిలాలు!

అవి పండ్లు తినే గబ్బిలాలు. శాస్త్రజ్ఞులు వాటిని రౌసెట్టస్ లెషెనాల్టి అంటారు. కొండ దిగి ఊళ్లలోకి వస్తే మర్రి, చింత, రావి వంటి పెద్ద చెట్లమీద వందల సంఖ్యలో వేలాడే ఇంకో రకం కనిపిస్తుంది. అది పెద్ద పండ్ల గబ్బిలం. దాని పేరు టెరోపస్ మీడియస్. రెక్కలు చాపితే నాలుగడుగుల దాకా ఉంటుంది. ముఖం నక్క ముఖంలా ఉండడంవల్ల దీన్ని 'ఎగిరే నక్క' అని కూడా అంటారు. ఇవిగాక పాడుబడ్డ కోటల్లో, గుడి గోపురాల్లో, ఇంటి చూరుల్లో ఉంటూ దోమలనూ పురుగులనూ తినే చిన్న గబ్బిలాలున్నాయి. ప్రపంచంలో 1,400కు పైగా గబ్బిలం జాతులున్నాయి. మన దేశంలోనే సుమారు 130 ఉన్నాయి. అన్నీ పిల్లలకు పాలిచ్చేవే. క్షీరదాలలో నిజంగా ఎగరగలిగినది గబ్బిలం ఒక్కటే.

ఈ గబ్బిలాల గొంతులో ఏముందో, రక్తంలో ఏముందో, మూత్రంలో ఏముందో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు అర్ధరాత్రి వలలు పట్టుకుని చెట్లకింద కాపు కాస్తున్నారు. ఎందుకంత శ్రమ? ఈ పాఠంలో అదే చూద్దాం.

నిపా నది ఒడ్డున ఏం జరిగింది?

1998 సెప్టెంబరులో మలేషియాలో పందుల పెంపకందార్లకు ఒక వింత జ్వరం వచ్చింది. తలనొప్పి, మగత, ఆ తర్వాత స్పృహ తప్పడం, కొందరికి మరణం. దోమలవల్ల వచ్చే జపాను మెదడువాపు జ్వరం కాబోలని అక్కడివారు మొదట భావించారు. దోమల మందు కొట్టారు, టీకాలు వేశారు. అయినా జ్వరం ఆగలేదు. దోమలు అందరినీ కుడతాయి కదా! మరి పందులను ముట్టుకునే వారికే ఈ జ్వరం ఎందుకు వస్తోంది? ఈ ప్రశ్నకు దోమ జవాబు చెప్పలేకపోయింది.

1999 మార్చిలో మలయా విశ్వవిద్యాలయంలో చువా కా బింగ్ అనే వైద్యుడు ఒక రోగి నుంచి తీసిన ద్రవంలో అంతవరకు ఎవరూ ఎరగని వైరస్‌ను కనుగొన్నాడు. ఆ రోగిది సుంగై నిపా అనే ఊరు. మలయా భాషలో 'సుంగై' అంటే నది. ఆ ఊరి పేరుమీదనే వైరస్‌కు 'నిపా' అని పేరు పెట్టారు. అప్పటికే చాలా నష్టం జరిగింది. 265 మందికి జబ్బు చేసింది, 105 మంది చనిపోయారు. వ్యాధిని ఆపడానికి పది లక్షలకు పైగా పందులను చంపవలసి వచ్చింది.

సరే, పందులకు ఆ వైరస్ ఎక్కడినుంచి వచ్చింది? పందుల శాలల పక్కనే మామిడి తోటలుండేవి. రాత్రిపూట పెద్ద పండ్ల గబ్బిలాలు వచ్చి పండ్లు కొరికేవి. ఎంగిలి పండ్లు కింద పడేవి, పందులు వాటిని తినేవి. ఇది ఊహ మాత్రమే. దీన్ని రుజువు చేయడానికి చువా బృందం టియోమన్ అనే దీవికి వెళ్లి, గబ్బిలాలు వేలాడే చెట్లకింద ప్లాస్టిక్ పట్టాలు పరిచింది. వాటిమీద పడిన మూత్రపు చుక్కల్లోనూ, గబ్బిలం సగం కొరికి వదిలేసిన పండులోనూ నిపా వైరస్ దొరికింది. ఊహ నిజమైంది.

ఇలా ఒక సూక్ష్మజీవిని చాలాకాలంగా తనలో నిలుపుకుంటూ వచ్చే జంతువును ఆ సూక్ష్మజీవికి 'సహజ ఆశ్రయం' అంటారు. మందికి నీళ్లిచ్చే కాలువ ఎండినా చెరువులో నీరుంటుంది కదా! ఊళ్లో జబ్బు తగ్గిపోయినా ఆశ్రయంలో వైరస్ అలాగే ఉంటుంది.

గబ్బిలానికి జబ్బు చేయదా?

మనిషిని చంపే వైరస్ గబ్బిలాన్ని ఎందుకు ఏమీ చేయదు? మీకు ఈ సందేహం వచ్చే ఉంటుంది.

మనకు వైరస్ సోకినప్పుడు శరీరంలోని రక్షకభటులు లేచి పోరాడతాయి. జ్వరం, వాపు, ఒళ్లునొప్పులు చాలావరకు ఆ పోరాటం వల్ల వచ్చేవే. పోరాటం మితిమీరితే సొంత శరీరమే దెబ్బతింటుంది. గబ్బిలం సంగతి వేరు. ఎగిరేటప్పుడు దాని శరీరం విపరీతంగా శక్తిని ఖర్చుచేస్తుంది, ఒళ్లు వేడెక్కుతుంది, కణాలు అరిగిపోతాయి. ఆ అరుగుదలకు ప్రతిసారీ వాపు వస్తే గబ్బిలం బతకలేదు. అందుకే లక్షల ఏళ్ల పరిణామంలో దాని శరీరం వాపును అదుపులో ఉంచడం నేర్చుకుంది. కొన్ని జాతుల్లో వైరస్‌ను అడ్డుకునే పదార్థాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. నిద్రపోని కాపలావాడు ఒకడు ఉండి, అనవసరంగా కేకలు వేసి ఊరంతటినీ లేపకపోతే ఎలా ఉంటుందో ఇదీ అంతే. వైరస్ పూర్తిగా చావదు, గబ్బిలమూ చావదు. ఇద్దరూ సర్దుకుని బతుకుతారు. ఆ సర్దుబాటు తెలియని జంతువులోకి వైరస్ దూకినప్పుడే ప్రమాదం.

మన దేశం సంగతి

మన దేశంలో 2001లో పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురిలో, 2007లో అదే రాష్ట్రంలోని నదియా జిల్లాలో నిపా వచ్చింది. తర్వాత 2018 మే నెలలో కేరళలోని కోజికోడ్ జిల్లాలో తల ఎత్తింది. ప్రభుత్వ లెక్క ప్రకారం 17 మంది చనిపోయారు. వారిలో రోగికి సేవచేసిన ఒక యువ నర్సు కూడా ఉంది. రోగి నుంచి రోగికి వైరస్ పాకింది ఎక్కువగా ఆసుపత్రుల్లోనే. ఆ తర్వాత కూడా కేరళలో 2019, 2021, 2023, 2024లలో నిపా కనిపించింది. ఈ జబ్బు సోకిన వారిలో 100కు 40 నుంచి 75 మంది దాకా మరణిస్తారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

2018లో జరిగిన ఒక సంగతి గుర్తుంచుకోదగ్గది. మొదట జబ్బుపడిన కుటుంబం ఇంటి బావిలో గబ్బిలాలు కనిపించాయి. ఇంకేముంది, దొంగ దొరికాడనుకున్నారు అందరూ! వాటి నమూనాలను భోపాల్‌లోని ప్రయోగశాలకు పంపారు. వైరస్ లేదని తేలింది. ఎందుకని? బావిలో ఉన్నవి పురుగులు తినే చిన్న గబ్బిలాలు. నిపాకు ముఖ్యమైన ఆశ్రయం పెద్ద పండ్ల గబ్బిలం. తర్వాత పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ బృందం వెళ్లి పండ్ల గబ్బిలాలను పట్టి పరీక్షిస్తే కొన్నిటిలో వైరస్ దొరికింది. దాని జన్యు అక్షరాలూ, రోగుల్లో దొరికిన వైరస్ జన్యు అక్షరాలూ దాదాపు ఒకటే. 'గబ్బిలం' అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటే సరిపోదని, ఏ జాతి గబ్బిలమో చూడాలని దీనివల్ల తెలిసింది.

ఆ తర్వాత జరిపిన సర్వేల్లో కేరళ, తమిళనాడు, కర్ణాటక, పుదుచ్చేరి గబ్బిలాల్లో నిపాకు ప్రతిరక్షకాలు కనబడ్డాయి. 2020లో మహారాష్ట్రలోని మహాబలేశ్వర్ దగ్గర ఒక గుహలో పట్టిన గబ్బిలాల్లో కూడా నిపా జాడ దొరికింది. అవి ఏ జాతివో తెలుసా? మన బొర్రా గుహల్లో ఉండే జాతే! అంతమాత్రాన బొర్రా గుహల్లో నిపా ఉందని అనుకోకూడదు. ఒక ఊరి గబ్బిలాలను పరీక్షిస్తే ఆ ఊరి సంగతే తెలుస్తుంది. ఈ వ్యాసం రాసేనాటికి ఆంధ్రప్రదేశ్‌లో మనిషికి నిపా సోకినట్లు రుజువైన దాఖలా లేదు. కాని జబ్బు వచ్చాక వెతకడంకన్నా రాకముందే తెలుసుకుని ఉండడం మేలు కాదా?

ముందే తెలిసి ఉంటే ఏం లాభం అంటారా? మన తెలుగు నేలమీద జరిగిన ఒక ఉదాహరణ చెబుతాను. ఇది గబ్బిలానిది కాదు, ఇసుక ఈగది. 2003లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు హఠాత్తుగా మెదడువాపు జ్వరం వచ్చింది. 183 మంది చనిపోయారు. కారణం చండీపుర వైరస్ అని పుణె శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఎలా గుర్తించగలిగారు? 1965లో నాగపూర్ దగ్గరి చండీపుర గ్రామంలో ఇద్దరు జ్వరపీడితుల రక్తంలో ఆ వైరస్‌ను కనుగొని, పేరుపెట్టి, భద్రపరచి ఉంచారు గనుక. 38 ఏళ్లకు ఆ పాత చిట్టా అక్కరకు వచ్చింది. గబ్బిలాల వైరస్‌లకు చిట్టా రాయడం కూడా అందుకే.

నిఘా ఎలా పెడతారు?

గబ్బిలాలు రాత్రించరాలు, అందని ఎత్తున ఉంటాయి. వాటిని పరీక్షించడానికి ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి.

మొదటిది టియోమన్‌లో వాడిన పట్టా పద్ధతి. మేతకు పోయిన గబ్బిలాలు తెల్లవారకముందే చెట్టుకు తిరిగి వస్తాయి. అవి వచ్చేలోగా చెట్టుకింద శుభ్రమైన ప్లాస్టిక్ పట్టాలు పరుస్తారు. వాటిమీద పడిన మూత్రాన్నీ రెట్టనూ గొట్టాల్లోకి సేకరిస్తారు. ఒక్క గబ్బిలాన్నయినా ముట్టుకోనక్కరలేదు. కాని ఆ చుక్క ఏ గబ్బిలానిదో చెప్పలేం. ఇది ఈ పద్ధతిలోని లోపం.

రెండోది వల పద్ధతి. తల వెంట్రుకంత సన్నని దారాలతో అల్లిన వలను గబ్బిలాలు వచ్చే దారిలో ఎత్తుగా కడతారు. వలలో చిక్కిన గబ్బిలాన్ని వెంటనే జాగ్రత్తగా విడదీసి గుడ్డసంచిలో వేస్తారు. బరువు తూస్తారు, ముంజేయి పొడవు కొలుస్తారు, ఆడదా మగదా, పిల్లదా పెద్దదా రాసుకుంటారు. దూది పుల్లతో గొంతులోంచీ, మలద్వారం నుంచీ తడి తీస్తారు. రెక్కలోని సన్నని నరం నుంచి కొద్దిపాటి రక్తం తీస్తారు. తర్వాత కాస్త పండ్లరసం తాగించి వదిలేస్తారు. ఈ పని చేసేవారు ఒంటినిండా రక్షక దుస్తులు, మందపాటి చేతితొడుగులు, ముఖానికి ముసుగు, కళ్లద్దాలు ధరిస్తారు. దీనికి అటవీశాఖ అనుమతి ఉండి తీరాలి.

నమూనాలను గడ్డకట్టే చలిలో ఉంచి ప్రయోగశాలకు పంపుతారు. ప్రాణమున్న నిపా వైరస్‌ను పెంచే పని మామూలు ప్రయోగశాలలో చేయకూడదు. దానికి జీవభద్రత నాలుగో స్థాయి ప్రయోగశాల కావాలి. లోపలి గాలి వడగట్టకుండా బయటికి పోదు, లోపలివారు గాలి గొట్టం అమర్చిన దుస్తుల్లో పనిచేస్తారు. అలాంటిది పుణెలో 2012లో ప్రారంభమైంది.

జాడ రెండు రకాలు

ప్రయోగశాలలో వెతికేది రెండింటిని.

ఒకటి, వైరస్‌ను. నిపా జన్యుపదార్థం ఆర్.ఎన్.ఏ. నమూనాలో అది లేశమాత్రమే ఉంటుంది. దాన్ని ముందు డి.ఎన్.ఏ.గా మార్చి, తర్వాత రెట్టింపు చేస్తూ పోతారు. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి. ఇలా 30 సార్లు రెట్టింపు చేస్తే ఎన్నవుతాయో లెక్కవేయండి. 107 కోట్లకు పైనే! అప్పుడది యంత్రానికి కనిపిస్తుంది. దీన్నే పి.సి.ఆర్. పరీక్ష అంటారు. కోవిడ్ రోజుల్లో మీరు వినే ఉంటారు.

రెండోది, ప్రతిరక్షకాలను. వైరస్ సోకి పోయిన తర్వాత కూడా దాన్ని ఎదిరించిన ప్రతిరక్షకాలు రక్తంలో కొంతకాలం ఉంటాయి.

ఈ రెండింటి తేడా ఇలా గుర్తుంచుకోండి. భీమిలి ఇసుకలో ఒక మనిషి నడుస్తూ కనిపిస్తే అతడు ఇప్పుడు ఇక్కడ ఉన్నాడన్నమాట. అడుగుజాడ మాత్రమే కనిపిస్తే ఒకప్పుడు ఇటు వెళ్లాడన్నమాట. పి.సి.ఆర్.లో దొరికేది మనిషి, రక్తంలోని ప్రతిరక్షకం అడుగుజాడ. 2003లో ఉత్తర భారతంలో 41 పెద్ద పండ్ల గబ్బిలాల రక్తాన్ని పరీక్షిస్తే 20 గబ్బిలాల్లో నిపా అడుగుజాడ ఉంది. అంటే ఆ 20 గబ్బిలాలూ ఆ రోజున వైరస్‌ను వెదజల్లుతున్నాయని అర్థం కాదు. వార్తల్లో 'సగం గబ్బిలాల్లో నిపా' అని చదివినప్పుడు, దొరికింది మనిషా, అడుగుజాడా అని అడగడం నేర్చుకోండి.

ఎన్నిటిని పరీక్షించాలి?

ఒక చెట్టుమీద వేయి గబ్బిలాలున్నాయనుకుందాం. వాటిలో నూటికి 5 గబ్బిలాల్లో వైరస్ ఉందనుకుందాం. మనం పదిటిని పట్టి పరీక్షించాం. ఒక్కదానిలోనూ వైరస్ లేదు. 'ఈ చెట్టు సురక్షితం' అని రాసేయవచ్చునా?

లెక్క చూడండి. పట్టిన మొదటి గబ్బిలంలో వైరస్ లేకపోవడానికి సంభావ్యత 0.95. మొదటిదానిలోనూ రెండోదానిలోనూ లేకపోవడానికి 0.95 × 0.95, అంటే సుమారు 0.90. ఇలా పదిసార్లు గుణిస్తే సుమారు 0.60 వస్తుంది. అంటే వైరస్ చెట్టుమీద ఉన్నా, పదింటిని పరీక్షిస్తే అది మన కంటబడకపోయే అవకాశం నూటికి అరవై పాళ్లు! 30 గబ్బిలాలను పరీక్షిస్తే ఆ అవకాశం నూటికి 21కి తగ్గుతుంది. 60 గబ్బిలాలను పరీక్షిస్తే నూటికి 5 లోపుకు వస్తుంది.

దీనికొక సులువైన సూత్రం ఉంది. 3ను వ్యాధి పాలుతో భాగించండి. 3 ÷ 0.05 = 60. వైరస్ నూటికి ఒక్కదానిలోనే ఉంటే 3 ÷ 0.01 = 300. వైరస్ ఎంత అరుదైతే అన్ని ఎక్కువ గబ్బిలాలను పట్టాలి. 'దొరకలేదు' అనే మాటకూ 'లేదు' అనే మాటకూ ఎంత తేడా ఉందో చూశారా!

2018, 2019లలో పుణె శాస్త్రజ్ఞులు అనేక రాష్ట్రాల గబ్బిలాల గొంతు నమూనాల్లో కరోనా జాతి వైరస్‌ల కోసం వెతికారు. కేరళ, తమిళనాడు, పుదుచ్చేరి, హిమాచల్ ప్రదేశ్‌ల గబ్బిలాల్లో కొన్నిటికి దొరికాయి. తెలంగాణ నుంచి తెచ్చిన నమూనాల్లో దొరకలేదు. ఇలాంటి ఫలితం చూసినప్పుడల్లా, ఎన్నిటిని పరీక్షించారో మొదట చూడాలి. ఆ దొరికినవి కూడా కోవిడ్ కలిగించిన వైరస్ కాదు, దాని దూరపు చుట్టాలు మాత్రమే.

ఒకసారి చూస్తే చాలదా?

చాలదు. బంగ్లాదేశ్‌లో ఆరేళ్లపాటు గబ్బిలాల గుంపులను పదే పదే పరీక్షించారు. తేలిందేమిటంటే, గుంపులో వైరస్ ఒకసారి పాకాక చాలా గబ్బిలాలకు రక్షణ శక్తి వస్తుంది, వైరస్ అణిగిపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ రక్షణ తగ్గుతుంది, రక్షణ లేని పిల్లలు పుడతాయి. అప్పుడు వైరస్ మళ్లీ చెలరేగుతుంది. సముద్రానికి ఆటుపోట్లున్నట్లే దీనికీ ఉన్నాయి. ఆటు సమయంలో చూసి సముద్రం ఇంతే అనుకోకూడదు కదా! అందుకే ఒకే చెట్టుకు, ఒకే గుహకు, వేర్వేరు ఋతువుల్లో, ఏళ్ల తరబడి తిరిగి రావాలి. 'సర్వే' అంటే ఒకసారి చూసి రావడం. 'నిఘా' అంటే విడవకుండా చూస్తుండడం.

చంపేస్తే పోదా?

'ఇంత శ్రమ ఎందుకు మాస్టారూ, చెట్టు కొట్టేసి గబ్బిలాలను తరిమేస్తే పోదా?' తరగతిలో ఈ ప్రశ్న తప్పక వస్తుంది. కోవిడ్ వచ్చిన 2020లో చాలామంది పెద్దలూ ఇదే అడిగారు. గబ్బిలాలు మనకు కోవిడ్ అంటించడం లేదని, వాటిని చంపవద్దని దక్షిణాసియా దేశాల గబ్బిలాల శాస్త్రజ్ఞులు అరవై మందికి పైగా కలిసి ప్రకటన చేయవలసి వచ్చింది.

చంపితే ఏమవుతుందో ఊహించనక్కరలేదు. చేసి చూసినవాళ్లున్నారు. ఆఫ్రికాలోని ఉగాండాలో కిటాకా అనే గని ఉంది. అందులో రౌసెట్టస్ గబ్బిలాలు వేలకు వేలు ఉండేవి. అవి మన బొర్రా గబ్బిలాలకు దగ్గరి చుట్టాలు. 2007లో ఆ గనిలో పనిచేసేవారికి మార్బర్గ్ అనే ప్రాణాంతక వైరస్ సోకింది. 2008లో గబ్బిలాలను చంపి, గనిని మూసేశారు. తర్వాత కొన్నేళ్లకు గని మళ్లీ తెరుచుకుంది, గబ్బిలాలు మళ్లీ వచ్చాయి. 2012లో అక్కడికి దగ్గర్లోని ఇబాండా పట్టణంలో మార్బర్గ్ చెలరేగి నలుగురు చనిపోయారు. శాస్త్రజ్ఞులు వచ్చి కొత్త గబ్బిలాలను పరీక్షించారు. మునుపు నూటికి సుమారు 5 గబ్బిలాల్లో ఉన్న వైరస్ ఇప్పుడు నూటికి 13లో ఉంది! కారణం మీరే చెప్పగలరు. రక్షణ వచ్చిన పాత గబ్బిలాలు చనిపోయాయి. రక్షణ లేని కొత్త గబ్బిలాలు ఆ చోటికి చేరాయి. వైరస్‌కు మేత పెరిగింది.

ఆస్ట్రేలియా నుంచి ఇంకో పాఠం. అక్కడ హెండ్రా అనే వైరస్ గబ్బిలాల నుంచి గుర్రాలకు, గుర్రాల నుంచి మనుషులకు వస్తుంది. అది మొదట 1994లో బయటపడింది. 1996 నుంచి 2020 వరకు సమాచారం కూర్చి చూస్తే, చలికాలంలో పూసే అడవి చెట్లను నరికేసినందువల్ల తిండిలేక గబ్బిలాలు పొలాలకూ ఊళ్లకూ చేరుతున్నాయని, అప్పుడే గుర్రాలకు జబ్బు వస్తోందని తేలింది. అడవి విరగబూసిన చలికాలాల్లో గబ్బిలాలు అటే పోయాయి, గుర్రాలకు జబ్బు రాలేదు. చెట్టు కొట్టేస్తే గబ్బిలం పోదు. మన పెరట్లోకి వస్తుంది.

పైగా గబ్బిలాలు మనకెంత సాయం చేస్తున్నాయో మరవకూడదు. మన్యంలో ఇప్పపూలమీద వాలి పుప్పొడి మోసేది పండ్ల గబ్బిలాలే. బూరుగు పూలకూ వాటి సాయం ఉంది. మర్రి, రావి, జామ గింజలను దూరదూరాలకు చల్లుతాయి. జీడిమామిడి పండును కొరుక్కుపోయి గింజను వేరేచోట పడేస్తాయి. పురుగులు తినే చిన్న గబ్బిలం ఒక రాత్రిలో తన బరువులో సగం దాకా పురుగులను తినగలదు. ఇన్ని మేలులు చేసినా 1972 వన్యప్రాణి చట్టంలో పండ్ల గబ్బిలాలను ఎలుకలతో, కాకులతో కలిపి హానికర జంతువుల జాబితాలో ఉంచారు. 2022 సవరణతో ఆ జాబితానే తీసివేశారు.

మనం చేయగలిగినది

గబ్బిలానికీ మనిషికీ మధ్య దూరం ఉంచడమే అసలు మందు. బంగ్లాదేశ్‌లో చలికాలంలో ఈతచెట్టు గీసి, కుండ కట్టి, పచ్చి నీరా తాగుతారు. రాత్రిపూట గబ్బిలాలు వచ్చి గీసినచోట నాకడం, కుండలో మూత్రం పోయడం చీకటిలో చూడగల కెమేరాలతో ఫొటోలు తీసి చూపించారు. దానికి విరుగుడు ఏమంత ఖరీదైనది కాదు. వెదురు బద్దలతో అల్లిన తడిక! గీసినచోటూ కుండా కప్పబడేలా దాన్ని కడితే గబ్బిలం నోరు అక్కడికి చేరదు. మన తీరంలో తాటిచెట్లకూ ఈతచెట్లకూ లొట్టెలు కట్టేవారున్నారు కదా! ఈ తడిక సంగతి వారికి మీరు చెప్పవచ్చు.

ఇక మీ వంతు:

1. గబ్బిలమో పక్షో కొరికిన పండును తినకండి. చెట్టుకింద ఏరిన పండ్లను కడిగి, తొక్కతీసి తినండి. గాటున్న పండును పారేయండి.

2. కిందపడిన గబ్బిలాన్ని, బతికున్నా చచ్చినా, వట్టి చేతులతో ముట్టుకోకండి. పెద్దలకు చెప్పండి.

3. బావిమీద వల కప్పించండి. నీళ్లు కాచి తాగండి.

4. గుహల్లోకి వెళ్లినప్పుడు గబ్బిలాలమీద దీపాలు వేయకండి, రాళ్లు విసరకండి, కేకలు పెట్టకండి. బెదిరిన గబ్బిలం మూత్రం పోస్తుంది, పిల్లను జారవిడుస్తుంది. బయటికి రాగానే చేతులు సబ్బుతో కడుక్కోండి.

5. గబ్బిలాలున్న చెట్టును కొట్టేయాలని ఎవరైనా అంటే, కిటాకా గని కథ చెప్పండి.

చేసి చూడండి

(అ) వంద చింతపిక్కలు తీసుకుని, ఐదింటికి సున్నం రాయండి. ఆరాక సంచిలో వేసి బాగా కలపండి. చూడకుండా ఒకటి తీయండి, రాసుకోండి, మళ్లీ సంచిలో వేసి కలపండి. ఇలా పదిసార్లు తీయడం ఒక పరీక్ష. తరగతిలో ప్రతివారూ ఒక్కొక్క పరీక్ష చేయండి. సున్నం పిక్క ఒక్కటీ రానివారు ఎంతమంది? అది నూటికి అరవైకి దగ్గరగా ఉందా? ఇప్పుడు అరవై సార్లు తీసి చూడండి.

(ఆ) మీ ఊళ్లో గబ్బిలాలు వేలాడే చెట్టును గుర్తించండి. నెలకొకసారి, సూర్యాస్తమయం తర్వాత, చెట్టుకింద కాకుండా దూరంగా నిలబడి, ఆకాశం వెలుగుకు ఎదురుగా ఎగిరిపోయే గబ్బిలాలను లెక్కపెట్టండి. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి సగటు తీయండి. తేదీ, వేళ, వాతావరణం, చుట్టుపక్కల ఏ చెట్లు పూశాయో, ఏ పండ్లు పండాయో రాయండి. ఒక ఏడాది రాస్తే ఏ నెలల్లో గుంపు పెరుగుతోందో, ఏ నెలల్లో తరుగుతోందో తెలుస్తుంది. రేపు ఎవరైనా శాస్త్రజ్ఞుడు ఆ చెట్టుకింద పట్టా పరవడానికి వస్తే, ఎప్పుడు రావాలో, ఎన్ని నమూనాలు తీయాలో నిర్ణయించుకోవడానికి ముందుగా అడిగేది ఈ లెక్కే. అది మీ నోటుపుస్తకంలో సిద్ధంగా ఉంటుంది.